గాలి ఆగినాక మీరు వెళ్లిపోతే ఎట్టా సార్? తీరం మండలాల అధికారులందరికీ బహిరంగ లేఖ

అయ్యలకి, అమ్మలకి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క ఊరు. మూడెకరాలు కౌలుకి చేస్తాం, మా మరిది రెండు రొయ్యల గుంటలు లీజుకి తీసుకోని చేస్తాడు, నేను డ్వాక్రా గ్రూపు లీడర్ని. ఈ లేఖ ఫలానా ఆఫీసుకి అని రాయడం లేదు. యాడికి పోయినా ఇది మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా అంటా ఉండారు, అందుకే రెవెన్యూ, వ్యవసాయం, కరెంటు, ఇరిగేషన్, ఫిషరీస్, పంచాయతీ, ఆరోగ్యం, పశువుల డాక్టర్లు అందరికీ కలిపి ఒకటే రాస్తా ఉండా. ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం, సింగరాయకొండ వైపు మా చుట్టాలు ఉండారు, వాళ్లదీ ఇదే గోడు, కాబట్టి ఆ జిల్లా అధికారులు కూడా తమకే రాసినట్టు అనుకోండి.

ఇట్టా నలుగురిలో పెట్టి రాయాల్సి ఎందుకొచ్చిందంటే మామూలు దారి అయిపోయింది. మొంథా తుఫాన్ తర్వాత ఊరంతా సంతకాలు పెట్టి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చినాం. కంప్యూటర్‌లో ఎక్కించినారు, రశీదు ఇచ్చినారు, బాగానే మాట్లాడినారు, కుర్చీ వేసి కూర్చోబెట్టినారు కూడా. కొన్నాళ్లకి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. అది చదివి వినిపిస్తే మా అత్త వాకిట్లోకి పోయి చూసొచ్చింది, ఏమన్నా వచ్చిందేమో అని. ఏమీ రాలేదు సార్. ఎవరూ వచ్చి చూడకుండానే పరిష్కారం అయిపోయిందంట.

మీకు రావాల్సిన మంచి మాట ముందే చెప్పేస్తా. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయినారు, 1989 నవంబర్‌లో కావలి దగ్గర దాటిన తుఫాన్ సంగతి మా మామ ఇప్పటికీ చెప్తాడు. అట్టాంటి తీరంలో 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం మా పక్కనుంచే పోయి బాపట్ల దగ్గర దాటినా, 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటుతా మా మీద కుండపోత కురిపించినా, మా ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు. మైకులో చెప్పినారు, ఫోన్లకి మెసేజ్‌లు పెట్టినారు, పడవల్ని ముందే వెనక్కి పిలిపించినారు, నెలలు నిండిన ఆడోళ్లని ముందే ఆసుపత్రికి తోలినారు. దానికి దండం పెడతాం.

కానీ ప్రాణనష్టం సున్నా అని పేపర్లో పడిన మర్నాటి నుంచి మీ జీపు కనపడదు. గాలి ఆగితే తుఫాన్ అయిపోయిందని మీ లెక్క, మాకు ఆడ్నుంచి మొదలవుతాది. మనిషిని బతికించినారు సరే, ఆ మనిషి బతకడానికి ఉన్న నారు, గొడ్డు, వల, గుంట, తాగే నీళ్లు ఒక్కోటి పోతా ఉంటే దాన్ని ఏ ఆఫీసూ తుఫాన్ నష్టం అని రాసుకోవట్లేదు, రాసుకున్నా మా పేరున రాయట్లేదు. అడగాల్సినవి వరసగా పెడతా ఉండా, కొన్ని పెద్దవి కొన్ని చిన్నవి, అన్నీ చెయ్యగలిగినవే.

1. ముందు మంచినీళ్లు. గాలికి స్తంభాలు పడతాయి, అది ఎవరి తప్పూ కాదు, లైన్‌మెన్లు ఆ వానలో స్తంభం ఎక్కి పడే అగచాట్లు మేం కళ్లారా చూస్తాం, వాళ్లని ఒక్క మాట అనను. కానీ కరెంటు పోతే మాకు పోయేది ఫ్యాను గాలి కాదు. ట్యాంకు మోటారు ఆడదు, కుళాయి రాదు. తీరం ఊళ్లలో బావి నీళ్లు మామూలు రోజుల్లోనే ఉప్పగా ఉంటాయి, దాంట్లో వరద కలిసినాక గిన్నెలు తోముకోడానికి కూడా చెయ్యి రాదు. క్యాన్ల ప్లాంటు కూడా కరెంటుతోనే నడిచేది, జనరేటర్ ఉన్న వాడు రేటు పెంచుతాడు, డబ్బులున్నోళ్లు కొనుక్కుంటారు, లేనోళ్లు అదే బావి నీళ్లు గుడ్డలో వడకట్టి తాగుతారు, వారం తిరక్కుండా పిల్లోళ్లకి విరోచనాలు. ఏ లైన్ ముందు ఇస్తారు, ఏది తర్వాత ఇస్తారు అనే వరస తుఫానుకి ముందే రాసి పంచాయతీ గోడకి అంటించండి. మంచినీళ్ల మోటార్లున్న ట్రాన్స్‌ఫార్మర్లు, పీహెచ్‌సీ, సెల్ టవర్ మొదట ఉండాల, పలుకుబడి ఉన్నోళ్ల వీధి కాదు. ట్రాక్టర్ మీద పెట్టిన జనరేటర్లు మండలానికి కొన్ని ముందే బాడుగకి మాట్లాడి పెట్టుకుంటే ఒక ఊరి ట్యాంకు నింపి ఇంకో ఊరికి పోతాయి, ఇదేం రాకెట్ సైన్సు కాదు, పెళ్లిళ్లకి మేం చేసే పనే. క్లోరిన్ బిళ్లలు గాలి రాకముందే ఇంటికి ఇన్ని అని పంచండి. ఇంకోటి, తెగిన వైర్లు రోడ్డు మీద నీళ్లలో పడి ఉంటాయి, లైన్లోకి కరెంటు వదిలేముందు ఊళ్లో చాటించి వదలండి. కరెంటు కంప్లైంట్‌కి 1912కి చెయ్యమంటారు, తుఫాన్ కంట్రోల్ రూముకి 1070, 1077 అంటారు, మంచిదే, కానీ టవరే పడుకున్నాక ఆ నంబర్లు గోడ మీద చదువుకోడానికే పనికొస్తా ఉండాయి. ఊరికి ఒక వైర్‌లెస్ సెట్టు ఇయ్యండి.

2. నారుమడి కూడా పంటే. ఇది చాలా పెద్ద బాధ, కాస్త ఓపిగ్గా చదవండి. మా జిల్లాకి ఎక్కువ వానలు ఈశాన్య రుతుపవనాల్లోనే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుఫాన్లు వచ్చేదీ అప్పుడే, మేం నార్లు పోసేదీ నాట్లు వేసేదీ కూడా అప్పుడే. అంటే ప్రతిసారీ దెబ్బ పడేది నారుమడి మీద, లేదంటే నిన్నో మొన్నో నాటిన పైరు మీద. నష్టం రాయడానికి వచ్చినాయన ఈ-క్రాప్‌లో బుకింగ్ యాడుంది అని అడుగుతాడు, అంటే ఏ పొలంలో ఏ పంట వేసినామో కంప్యూటర్లో ఎక్కించే నమోదు. నారు దశలో బుకింగ్ ఎట్టా ఉంటాది సార్? నాటు పడితే గదా బుక్ చేసేది. విత్తనం పోయె, దున్నిన కూలి పోయె, మళ్లీ నారు పోసి మళ్లీ దమ్ము చేసి నాటేసరికి నెల వెనకబడితిమి, అదంతా కాగితం మీద లేనే లేదు.

నాటు పడినోళ్ల సంగతి చూద్దామా అంటే, కేంద్రం విపత్తు సాయం నిబంధనల్లో పంట 33 శాతం పైన పోతేనే లెక్క. 2022 నుంచి 2026 దాకా పెట్టిన రేటు నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకి 17,000, మెట్ట పంటకి 8,500, అదీ రెండు హెక్టార్ల దాకానే. ఎకరాకి చూసుకుంటే ఏడు వేలు కూడా లేదు, రాష్ట్రం పైన ఏమన్నా కలిపితే అది వేరే సంగతి. ఆ కాస్త కూడా ఎవరికి పోతాదో చూడండి. నీళ్లు తీసినాక వచ్చి గట్టు మీద నిలబడి చూస్తారు, మధ్యలో నాలుగు పచ్చ పోచలు కనపడితే బతికిందమ్మా ఇది అని రాసేసుకుంటారు. మూడు రోజులు పైగా మునిగిన దుబ్బు పైకి పచ్చగా ఉన్నా పట్టుకుని లాగితే అడుగు మెత్తబడి చేతికొస్తాది, మా మామ లాగి చూపించినాడు, వచ్చినాయన ఫోటో మాత్రం గట్టు మీద నుంచే తీసుకున్నాడు. ప్రకాశం వైపు అప్పుడే వేసిన శనగ, పొగాకు నారు ఇంకా నాజూకు, నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే రెండు రోజులు చాలు.

ఇంక కౌలు రైతు. 2019 చట్టం ప్రకారం మాకు సాగుదారు హక్కుల కార్డు రావాల, దానికి భూమి గలాయన ఒప్పుకుని సంతకం పెట్టాల, సంతకం పెడితే భూమి ఎక్కడ పోతాదో అని ఆయన భయం, గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు ఇయ్యడేమో అని మా భయం. నష్టం మాది, డబ్బులు పడేది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండే ఆయన ఖాతాలో. ఆయన మంచోడైతే పంపిస్తాడు.

మేం అడిగేది: నారుమడి నష్టం రాయడానికి వేరే కాలమ్ పెట్టండి. కార్డు లేకపోయినా పొలం చేసేది ఎవరో గ్రామసభలో నలుగురు చెప్తే తీసుకోండి, ఊళ్లో ఎవరి పొలం ఎవరు చేస్తా ఉండారో అందరికీ తెలుసు. రాసుకున్న లిస్టు పేర్లతో సహా గ్రామ సచివాలయం దగ్గర అంటించి, అభ్యంతరం చెప్పుకోడానికి టైం ఇచ్చి, తర్వాత పైకి పంపండి. సబ్సిడీ విత్తనం వారం లోపల ఇయ్యండి, నెల ఆగి ఇస్తే దాన్ని కోళ్లకి వేసుకోవాల్సిందే.

3. రొయ్యల గుంటలు. రొయ్యలోళ్లు అనంగానే డబ్బున్నోళ్లు అనుకుంటారు, కొందరు ఉండారు, మా మరిది మాత్రం మేత బాకీ మీద బతికే మనిషి. మిగ్‌జాం రాత్రి కరెంటు పోయినాక గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయినాయి. పైన వాన నీళ్లు తేలిపోయి, మబ్బుకి ఎండ లేక, గుంటలో ఆక్సిజన్ పడిపోతా ఉంటాది, గంటల్లో అయిపోయే ఆట అది. జనరేటర్ ఉంది, డీజిల్ అయిపోయింది, బంకులో కరెంటు లేక పంపు ఆడట్లేదు, ఆడే బంకు దాకా పోతే క్యానులో పొయ్యం అన్నారు. తెల్లారుజామున టార్చ్ వేసి చూస్తే గట్టు వారెంబడి రొయ్యలన్నీ పైకొచ్చి ఆనుకోని ఉన్నాయి, కళ్లు ఎర్రగా మెరుస్తా ఉన్నాయి, చెయ్యి పెడితే కూడా పారిపోవట్లా. పొద్దెక్కేసరికి అడుగున పడినాయి. మిగిలిన వాటికి కొనేవాడు ఆ రోజే రేటు తగ్గించినాడు, ఎట్టాగూ అమ్మక తప్పదని వాడికీ తెలుసు గదా. లైసెన్సు భూమి గలాయన పేరున ఉంది కాబట్టి నష్టం రాయించుకోడానికి కూడా కాగితాల్లో మా మరిది పేరే లేదు.

డీజిల్‌కి తుఫాన్ హెచ్చరిక రాంగానే కూపన్లు ఇయ్యండి, మండలంలో ఒకటో రెండో బంకులు జనరేటర్ మీద నడిచేటట్టు, క్యానులో పోసేటట్టు చెయ్యండి. ఇంకో మాట, ఇది మావోళ్లకి నచ్చదు. గుంటల గట్లు మురుగు కాలవల మీదికి జరిపినారని వరి రైతులు అంటారు, చాలా చోట్ల నిజమే, మా ఇంట్లోనే రెండు పక్షాలూ ఉండాయి గనక చెప్తా ఉండా. అట్టా మూసినవి ఎవరివైనా తీయించండి, కాకపోతే చిన్నోడి గట్టు ఒక్కటే తెంపి పెద్దోడిది వదిలేసి పోవద్దు.

4. యానాదులు, అంటే మా వైపు ఉండే గిరిజనులు. కాలవ గట్ల మీద, చెరువు కట్టల పక్కన గుడిసెలేసుకుని ఉంటారు. అందరికన్నా ముందు మునిగేది వాళ్లే, సాయం అందరికన్నా చివర అందేదీ వాళ్లకే, చాలా మందికి అసలు అందదు, ఎందుకంటే రేషన్ కార్డు లేదు, ఆధార్ ఉన్నా వేలిముద్ర పడదు, బ్యాంకు ఖాతా లేదు. బియ్యం పంచేటప్పుడు కార్డున్న మేం సంచి భుజానేసుకుని వస్తా ఉంటే, మా షెల్టర్‌లోనే మా పక్కనే పడుకున్న ముసలామె గుమ్మం దగ్గర నిలబడి చూస్తా ఉంది. షెల్టర్‌లో రాసుకునే రిజిస్టర్ ఉంది గదా, దాంట్లో పేరుంటే సాయం ఇయ్యండి, కార్డు సంగతి తర్వాత చూసుకోండి. గుడిసె పోతే ఇచ్చే డబ్బుకి పట్టా అడగొద్దు, పట్టా ఉంటే కాలవ గట్టున ఎందుకుంటారు?

5. షెల్టర్లు. ప్రపంచ బ్యాంకు అప్పుతో తుఫాన్ షెల్టర్లు కట్టినారు, గట్టివే, ఆ మాట ఒప్పుకుంటా. కానీ మామూలు రోజుల్లో వాటిని పట్టించుకునే దిక్కు లేదు. బాత్రూముల్లో నీళ్లు రావు, పైన ట్యాంకుకి మోటారు ఎక్కాలంటే మళ్లీ కరెంటే. నెలసరిలో ఉన్న ఆడపిల్లలు, పసిబిడ్డ తల్లులు ఆ రాత్రి ఎట్టా గడపాల? సిగ్గుతో ఇంటికాడే ఉండిపోయినోళ్లు నాకు తెలుసు, మీరేమో జనం మాట వినరని రాసుకుంటారు. సీజన్‌కి ముందు ఒకరోజు తాళం తీసి, ట్యాంకు నింపి, జనరేటర్ ఆడించి చూడండి, మా గ్రూపు ఆడోళ్లం వచ్చి కడిగి పెడతాం, తాళం ఒకటి మా దగ్గర కూడా ఉంచండి.

జనం షెల్టర్‌కి రాకపోడానికి ఇంకో కారణం గొడ్లు. పాడి గేదెని వదిలి ఎవరూ రారు. గేదె చస్తే 37,500 అని పైన చెప్పిన 2022-26 నిబంధనల్లోనే ఉంది, కానీ పశువుల డాక్టరు చూసి సర్టిఫికెట్ ఇయ్యాల, కొట్టుకుపోయిన గేదెని ఆయనకి యాడ్నుంచి తెచ్చి చూపించేది? చెవికి పోగు వేసి నంబర్ ఇచ్చినారు గదా, ఆ నంబర్లు ఊరి వారీగా లిస్టు తీసి పెట్టుకుంటే ఏది పోయిందో తేలిపోతాది. షెల్టర్ పక్కన గొడ్లకి కాస్త ఎత్తు మెరక పోయించండి.

6. హెచ్చరిక మాకు అర్థమయ్యేటట్టు చెప్పండి. కృష్ణపట్నం పోర్టులో ఎన్నో నంబర్ ప్రమాద సూచిక ఎగరేసినారో టీవీలో చెప్తారు, అది ఓడలోళ్లకి. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితే తుఫాన్, 89 నుంచి తీవ్ర తుఫాన్, 118 నుంచి అతి తీవ్ర తుఫాన్ అని లెక్కలుండాయి, తీవ్ర అనే మాట లేకపోతే జనం తేలిగ్గా తీసుకుంటా ఉండారు. 2021 నవంబర్‌లో వచ్చింది అసలు తుఫానే కాదు, వాయుగుండం. నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగింది, ఆ వరద పెన్నలోకి వచ్చి, సోమశిల డ్యాం నిండిపోయి కిందికి వదిలితే నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట పోయింది, హైవే కోసుకుపోయింది. మేమందరం సముద్రం వైపు చూస్తా కూర్చుంటే నీళ్లు వెనకనుంచి వచ్చినాయి.

కాబట్టి గాలి వేగం చెప్తే చాలదు. మా ఊరి పేరు పెట్టి, ఏ వీధి దాకా నీళ్లు రావచ్చు, సముద్రం నుంచా ఏటి నుంచా, ఎన్ని గంటలకి, ఏ రోడ్డు మూసుకుపోతాది అని చెప్పండి. సోమశిల నుంచి నీళ్లు వదిలితే మా దగ్గరకి ఎన్ని గంటల్లో చేరతాయో ఇంజనీర్లకి తెలుసు, ఆ లెక్క మాకూ చెప్పండి. ఊళ్లో నాలుగు చోట్ల స్తంభాలకి పాత వరదలు ఎంత ఎత్తు వచ్చినాయో రంగుతో గీతలు కొట్టించండి. తుఫాన్ కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మీదనుంచి పోయేటప్పుడు ఉన్నట్టుండి గాలి ఆగి ప్రశాంతంగా అయిపోతాది, అయిపోయిందనుకుని జనం బయటికొచ్చి పడిన రేకులు ఏరుకుంటా ఉంటే ఇంకోవైపు నుంచి మళ్లీ అంతే గాలి తగులుతాది. ఈ సంగతి మా మామ తరానికి తెలుసు, ఫోన్లు చూసే మా పిల్లోళ్లకి తెలీదు. మైకులో బయటికి రావద్దు అనడంతో సరిపెట్టకుండా ఎందుకు రావద్దో కూడా చెప్పించండి.

7. చేపల వేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, దానికి 20,000 భరోసా ఇస్తా ఉండారు, సంతోషం. కానీ అక్టోబర్ నుంచి అల్పపీడనం, వాయుగుండం, తుఫాన్ అని ఒకదాని మీద ఒకటి హెచ్చరికలు వస్తానే ఉంటాయి, సముద్రంలోకి పోవద్దంటారు, పోకుండా కూర్చుంటారు, ఆ రోజుల తిండి ఎవరు పెడతారు? మీరు పోవద్దన్న రోజులకి లెక్కగట్టి ఏదో ఒకటి ఇయ్యండి. లేకపోతే ఏదో ఒకరోజు కడుపు మాడినోడు మీ మాట వినకుండా పడవ ఎక్కుతాడు.

8. పాములు, మందులు. నీళ్లకి పుట్టలు మునిగి పాములు ఇళ్లల్లోకొస్తాయి. పీహెచ్‌సీలో పాముకాటు ఇంజెక్షన్ ఉందో లేదో బయట బోర్డు మీద రోజూ రాయండి. రోడ్డు తెగితే నెల్లూరు పోవడం మాటలు కాదు. డయాలసిస్ వాళ్లని, షుగర్ ఇంజెక్షన్ వాళ్లని గర్భిణీలని తీసుకుపోయినట్టే ముందే తీసుకుపోండి.

9. కాలవలు, గేట్లు. బకింగ్‌హాం కాలవ పూడిపోయి చాలా చోట్ల తుమ్మ చెట్లు మొలిచినాయి. ప్రకాశంలో గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు 2022లో ఒకటి, 2023లో ఇంకోటి కొట్టుకుపోయినాయి. తుఫాన్ వచ్చినాక వేసే ఇసక బస్తాల ఖర్చుతో ఎండాకాలంలో సగం పూడిక తీయొచ్చని మా ఊరి మేస్త్రీ అంటాడు, ఆయన లెక్క కరెక్టో కాదో మీ ఇంజనీర్లని అడిగి చెప్పండి.

మేం చేతులు కట్టుకోని కూర్చుంటాం అనడం లేదు. మా గ్రూపుల్లో ప్రతి ఇంట్లో ఎవరెవరు ఉండారు, మంచాన ఉన్నోళ్లు ఎవరు, గర్భిణీ ఎవరు, ఎన్ని గొడ్లు, ఏ ఇల్లు మట్టి గోడ, అన్నీ మేం రాసి ఇస్తాం. ఆధార్, పాస్‌బుక్కు, పిల్లోళ్ల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద కాకుండా మనిషితోపాటు తీసుకుపోవాలని ఇంటింటికీ తిరిగి చెప్తాం, మొన్న కూడా చెప్పినాం. నష్టం రాసేటప్పుడు మా మనిషి ఒకరు మీ మనిషి పక్కన ఉండేటట్టు ఒప్పుకోండి చాలు.

ఈ తొమ్మిదిటికీ ఏది చేస్తారు, ఏది చెయ్యలేరు, ఎప్పటిలోగా చేస్తారు అనేది కాగితం మీద రాసి, మండలం స్థాయిలో అన్ని శాఖల వాళ్లూ ఒకే రోజు ఒకే చోట కూర్చుని మాతో మాట్లాడాల. చెయ్యలేనిది ఉంటే చెయ్యలేం అనే రాయండి, పరిష్కరించబడినది అని మాత్రం మళ్లీ మెసేజ్ పెట్టొద్దు. అక్టోబర్ దాకా టైం ఉందనుకోవద్దు, 1979లో మన తీరాన్ని కొట్టిందీ 1990లో మచిలీపట్నాన్ని కొట్టిందీ మే నెలలోనే. మీటింగ్ మధ్యాన్నం పూట పెట్టండి, పొద్దున పెడితే కూలికి పోయే ఆడోళ్లు రాలేరు.

ఇట్లు,
ఒక కౌలు రైతు ఇంటి ఆడమనిషి, డ్వాక్రా గ్రూపు తరఫున,
నెల్లూరు జిల్లా తీరం వైపు ఊరు